ఇంగ్లీషుకు గురులఘువులు: ఒక డబ్లిన్ పండితుడి వర్జిల్

1582లో లైడెన్ నగరంలో జాన్ పేట్స్ అనే ముద్రాపకుడు ఒక ఇంగ్లీషు పుస్తకం అచ్చువేశాడు. అది లాటిన్ మహాకవి వర్జిల్ రచించిన ఈనియడ్ కావ్యంలోని మొదటి నాలుగు సర్గలకు పద్యానువాదం. అనువాదకుడు రిచర్డ్ స్టానీహర్స్ట్ అనే డబ్లిన్ వాసి. అప్పటికి అతడికి ముప్పయ్యయిదేళ్ళు. స్వదేశంలోనూ ఇంగ్లండులోనూ నిలవనీడలేక సముద్రం దాటి వచ్చినవాడు. ఇంగ్లీషు సాహిత్యంలో ఇంతగా నవ్వులపాలైన అనువాదం మరొకటి ఉండదేమో. నాలుగు వందల ఏళ్ళుగా దాన్ని వెటకారానికి తప్ప వేరే పనికి పైకి తీసినవారు తక్కువ. అయితే బళ్ళో గణవిభజన చేసి, గురువుకు నిలువు గీత వంచి, లఘువుకు నిటారుగా గీసిన తెలుగు పాఠకుడు ఆ పుస్తకాన్ని ఇంగ్లీషువాళ్ళ కళ్ళతోనే చూడవలసిన అవసరం లేదు. స్టానీహర్స్ట్ తలపెట్టిన పని నన్నయకు తెలిసిన పనే. ఒకరికి ఫలించింది మరొకరికి ఎందుకు బెడిసిందన్నది తేల్చవలసిన ప్రశ్న.

ముందుగా ఛందస్సు సంగతి. వర్జిల్ పద్యం నడిచేది హెక్సామీటర్ అనే ఛందస్సులో. గ్రీకుల దగ్గర లాటిన్ కవులు దీన్ని తెచ్చుకున్నారు. పాదానికి ఆరు గణాలు. ఒక్కో గణం గురువు, రెండు లఘువులు కలిసిన భగణం కావచ్చు, లేదా రెండు గురువుల గగ కావచ్చు. రెండింటికీ నాలుగేసి మాత్రలు. అయిదో గణం దాదాపు ఎప్పుడూ భగణమే. ఆరోది రెండక్షరాల గణం, దాని చివరి అక్షరం లఘువైనా గురువుగా చెల్లుతుంది. మన కందపద్యంలో గగ, భ, జ, స, నలములు అయిదూ చతుర్మాత్రా గణాలే కదా, అందులోంచి రెండింటినే ఏరుకుని ఆరేసి చొప్పున పేర్చితే వర్జిల్ పాదం నడక చెవికి అందుతుంది. యతి ఉంది గాని అది అక్షరమైత్రి కాదు, సంస్కృతంలో వలె విరామం మాత్రమే. ప్రాస లేదు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందన్న సూత్రం లాటిన్‌కూ ఉంది. రేఫను తేల్చి పలికితే ముందక్షరం లఘువుగానే ఉండవచ్చునన్న మన లాక్షణికుల మినహాయింపు వంటిది కూడా లాటిన్‌లో ఉంది. పరుషాక్షరం తర్వాత రేఫగాని లకారంగాని వస్తే ముందున్న అక్షరాన్ని కవి తన అవసరాన్ని బట్టి ఎటైనా లెక్కించుకోవచ్చు. ఇన్ని పోలికలు చూశాక లాటిన్ ఛందస్సు తెలుగువాడికి పొరుగింటి వ్యవహారంలా కనిపిస్తుంది.

ఇంగ్లీషుకు అది పరాయి ఇల్లు. ఇంగ్లీషు పద్యం అక్షరం పలకడానికి పట్టే కాలాన్ని లెక్కించదు, ఊనికను లెక్కిస్తుంది. అయినా పదహారో శతాబ్దపు ఇంగ్లీషు పండితులకు తమ భాష పద్యం మోటుగా తోచింది. అంత్యప్రాసలు అనాగరికుల అలవాటనీ, గ్రీకు లాటిన్ల వలె మాత్రల మీద పద్యం నడపాలనీ రోజర్ ఆస్కమ్ అనే పండితుడు వాదించాడు. విద్యాబోధన మీద అతడు రాసిన పుస్తకం 1570లో వెలువడింది. కేంబ్రిడ్జిలో గేబ్రియల్ హార్వీ ఆ జెండా పట్టుకున్నాడు. హార్వీకి ఎడ్మండ్ స్పెన్సర్ రాసిన ఉత్తరాలు 1580లో అచ్చయ్యాయి. వాటిలో 'కార్పెంటర్' అనే మాట మీద ముచ్చటైన తగవు ఉంది. మధ్య అక్షరం తర్వాత నకారటకారాలు జంటగా వస్తాయి కాబట్టి లాటిన్ సూత్రం ప్రకారం అది గురువు. ఇంగ్లీషు నాలుక మాత్రం మొదటి అక్షరాన్ని నొక్కి, మధ్య అక్షరాన్ని మింగేస్తుంది. సూత్రం కోసం దాన్ని సాగదీసి చదివితే ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచే బాతుపిల్లలా ఉంటుందని స్పెన్సర్ వాపోయాడు. దేవుడూ ఇంగ్లీషు జనమూ నిర్ణయించిన పొడవు కన్నా ఆ వడ్రంగిని అంగుళం కూడా పెంచడానికి ఒప్పుకోనని హార్వీ జవాబు. వాళ్ళిద్దరికీ తెలియదు గాని, తెలుగువాడు పలికే 'కార్పెంటర్'లో మూడూ గురువులే, ఏ కాలూ ఈడ్వదు. అదే ఏడాది స్పెన్సర్ ప్రభుత్వోద్యోగిగా ఐర్లండు వెళ్ళాడు, మాత్రల ప్రయోగం మానుకున్నాడు. అతడు వదిలేసిన పనిని ఐర్లండు నుంచి వచ్చినవాడు తలకెత్తుకున్నాడు.

స్టానీహర్స్ట్ 1547లో డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ ఆ నగరానికి న్యాయాధికారి, మూడు పర్యాయాలు ఐర్లండు పార్లమెంటుకు సభాపతి. బాలుడు కిల్కెనీ పట్టణంలో పీటర్ వైట్ నడిపిన పేరుమోసిన లాటిన్ బడిలో చదివి, 1563లో ఆక్స్‌ఫర్డ్ చేరాడు. అక్కడ అతడికి గురువు ఎడ్మండ్ క్యాంపియన్. తరువాత క్యాంపియన్ డబ్లిన్ వచ్చి స్టానీహర్స్టుల ఇంట్లో ఉండి, వారి గ్రంథాలయం ఆధారంగానే ఐర్లండు చరిత్ర రాశాడు. ఆ చరిత్రను శిష్యుడు విస్తరించి 1577లో హాలిన్‌షెడ్ ప్రకటించిన ప్రఖ్యాత చరిత్ర సంపుటాలలో చేర్చాడు. షేక్స్పియర్ తన చారిత్రక నాటకాలకు ముడిసరుకు తీసుకున్నది ఆ సంపుటాల తర్వాతి కూర్పు నుంచే. అంటే స్టానీహర్స్ట్ అనామకుడు కాడు, పండిత కుటుంబపు పెద్దకొలువు బిడ్డ.

1579 ఆగస్టులో లండన్ శివార్లలో అతడి భార్య జానెట్ ప్రసవ సమయంలో మరణించింది. ఆమెకు పంతొమ్మిదేళ్ళు. క్యాథలిక్కుల కుట్రలన్న అనుమానంతో మరుసటి ఏడాది ప్రభుత్వం అతడిని నిర్బంధించి ప్రశ్నించింది. జెస్యూట్ మతగురువుగా రహస్యంగా ఇంగ్లండు తిరిగివచ్చిన క్యాంపియన్‌ను 1581 డిసెంబరు 1న టైబర్న్ దగ్గర ఉరితీశారు. ఆ ఏడాదే స్టానీహర్స్ట్ ఇంగ్లండు విడిచాడు. మళ్ళీ తన ఊరు చూడలేదు.

ఈనియడ్ రెండో సర్గలో ట్రోయ్ నగరం తగలబడుతుంది. ఈనియస్ ముసలి తండ్రిని భుజాల మీద మోస్తూ, కొడుకు చేయి పట్టుకుని బయటపడతాడు. వెనక నడిచివస్తున్న భార్య క్రెయూసా తప్పిపోతుంది. వెతుకుతూ తిరిగి వెళితే ఆమె నీడ ఎదురవుతుంది. మూడుసార్లు కౌగిలించబోతాడు, మూడుసార్లూ చేతులకు గాలే తగులుతుంది. తండ్రి, భార్య, ఊరు – మూడూ పోగొట్టుకున్న మనిషి ఆ సర్గను మరో భాషలోకి తెచ్చి, అదే పుస్తకం చివర తన తండ్రికీ భార్యకూ స్మృతిపద్యాలు చేర్చాడు. దీని నుంచి అనువాదమంతా ఆత్మకథ అని తీర్పు చెప్పడం తొందరపాటు. ఆ కాలంలో పండితులు ఇలాంటి అనుబంధాలు చేర్చడం మామూలే. కానీ పుస్తకాన్ని హాస్యం కోసమే తెరిచేవారు ఆ చివరి పుటల దాకా వెళ్ళినట్టు కనబడదు.

ఇక అనువాదం. స్టానీహర్స్ట్ ముందుమాటలో ఒక తెలివైన మాట అన్నాడు. లాటిన్ అక్షరాల కొలతను ఇంగ్లీషు మీద యథాతథంగా రుద్దకూడదు. ఏ అక్షరం గురువు, ఏది లఘువు అన్నది వ్రాత చూసి కాదు, చెవి పెట్టి తేల్చాలి. హార్వీ తగవులో తేలనిదాన్ని అతడు సూత్రంగా నిలబెట్టాడు. అక్కడితో ఆగివుంటే బాగుండేది. చెవి తేల్చినదాన్ని కంటికి చూపడానికి వర్ణక్రమాన్ని మార్చాడు. గురువు కావలసిన చోట అచ్చును రెండుసార్లు వ్రాశాడు. ఇంగ్లీషులో 'కి', 'కు' అనే అర్థమిచ్చే చిన్న విభక్తి మాటకు కూడా అదనంగా ఒక అచ్చు తగిలించాడు. పుట తెరవగానే పాఠకుడికి ముందు కనిపించేది ఆ వింత వర్ణక్రమమే.

నన్నయకు ఈ అవస్థ లేదు. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో సంస్కృత వృత్తాలను తెలుగుకు పట్టిస్తున్నప్పుడు హ్రస్వదీర్ఘాలు లిపిలోనే ఉన్నాయి, నోటిలోనూ ఉన్నాయి. పడు, పాడు అన్న రెండు మాటల మధ్య తేడా అంతా మొదటి అక్షరం పొడవులోనే ఉంది. నొక్కి పలికినా నెమ్మదిగా పలికినా ఆ పొడవు చెక్కుచెదరదు. కాబట్టి ఉత్పలమాలకు తెలుగు నాలుక కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. పైగా యతిప్రాసలు చేర్చి వృత్తానికి తన నగలు తొడిగింది. ఇంగ్లీషులో ఊనిక లేని అక్షరం పొడవును నిలుపుకోలేదు, అచ్చు పలచబడి గొణుగుడవుతుంది. అంచేత కాగితం మీద గురువైన అక్షరం నోటికి వచ్చేసరికి లఘువవుతుంది. పాదం ఒకలాగ రాసి ఉంటుంది, మరొకలాగ వినబడుతుంది. ఈ లోపం స్టానీహర్స్ట్‌ది కాదు, మహాకవి సిడ్నీ చేపట్టినా ఆ పాదాలు ఇంగ్లీషులో నిలబడలేదు.

అతడికి ముందు అదే కావ్యాన్ని ఇంగ్లీషు చేసిన థామస్ ఫేయర్ ఒక వైద్యుడు. వేల్స్‌లో వృత్తి చేసుకుంటూ, పిల్లల వ్యాధుల మీద ఇంగ్లీషులో మొదటి పుస్తకం అనదగినది 1540లలో రాసి, ఈనియడ్ ఏడు సర్గలను 1558లో ప్రచురించాడు. ఒక్కో సర్గకు ఎన్ని రోజులు పట్టిందో రోగి చరిత్ర రాసినట్టు చివర నమోదు చేయడం అతడి అలవాటు. 1560లో అతడు మరణించాక తొమ్మిది సర్గల కూర్పు 1562లో వచ్చింది. మిగిలినదాన్ని పూర్తి చేసిన థామస్ ట్వైన్ కూడా వైద్యుడే. ఫేయర్ ఎంచుకున్నది పద్నాలుగు అక్షరాల అంత్యప్రాసల పాదం, జానపదులు పాడుకునే బాణీకి దగ్గరైనది, ద్విపద వంటిది అనుకోవచ్చు. నాలుగో సర్గకు ఫేయర్‌కు పదిహేను రోజులు పట్టిందనీ, తాను పది రోజుల్లో ముగించాననీ స్టానీహర్స్ట్ అంకితపత్రంలో గొప్పగా చెప్పుకున్నాడు. ఆ అంకితం తోడల్లుడు డన్సేనీ ప్రభువుకు. డైడో ప్రేమించి, వంచితురాలై, చితి పేర్చుకుని చనిపోయే సర్గ అది. పది రోజుల తొందర పద్యాల్లో కనిపిస్తుంది. అతడి పక్షాన ఎంత మాట్లాడినా ఇది దాచలేని సంగతి.

నవ్వులకు మరో కారణం అతడి మాటలు. ఉరుములు, సుత్తిదెబ్బలు, అలల హోరు వచ్చినచోట స్టానీహర్స్ట్ ధ్వన్యనుకరణ పదాలను గుప్పిస్తాడు, జంటలు జంటలుగా, తానే పుట్టించినవి కూడా కలిపి. ఇంగ్లీషు చెవికి అవి పిల్లల ఆటలా తోచాయి. కానీ ఫెళఫెళ, దబదబ, గలగల, చిటపట లేకుండా తెలుగులో యుద్ధవర్ణన సాగుతుందా? మన కవుల్లో ఏ ఒక్కరూ వీటికి సిగ్గుపడలేదు, వ్యాకరణం వీటికి పీట వేసింది. స్టానీహర్స్ట్ తెలుగు కవి అయివుంటే ఇందుకు ఎవరూ తప్పుపట్టి ఉండరు. అతడు పుట్టిన చోట మాత్రం వీరకావ్యపు భాష ఒంటినిండా బట్ట కప్పుకుని ఉండాలన్న అభిప్రాయం అప్పుడప్పుడే గట్టిపడుతోంది. 1589లో పటెనమ్ అనే లాక్షణికుడు, పేరు చెప్పకుండా, వర్జిల్ అనువాదకుడొకడు ఈనియస్ ట్రోయ్ నుంచి కాళ్ళీడ్చుకుంటూ పోయాడన్న అర్థం వచ్చే మాట వాడాడనీ, అది బిచ్చగాడికి తగును గాని రాజకుమారుడికి తగదనీ తప్పుపట్టాడు. ఆ ఏడే థామస్ నాష్ అనే రచయిత స్టానీహర్స్ట్‌ను పేరుపెట్టి ఎగతాళి చేశాడు. మూడేళ్ళ తర్వాత మరోసారి హెక్సామీటర్ మీద విరుచుకుపడుతూ, ఇంగ్లీషులో దాని నడక ఒక అక్షరం కొండెక్కితే మరో అక్షరం లోయలోకి దిగడమేనన్నాడు. పటెనమ్‌తో ఏకీభవించడం కష్టం. తగలబడుతున్న ఊరు వదిలి తండ్రిని మోస్తూ పోయేవాడు కాళ్ళీడ్చుకుంటూ కాక మరెలా నడుస్తాడు? శ్రవణకుమారుడి కావడి బరువు తెలిసినవాళ్ళకు ఆ మాటలో తప్పు కనబడదు.

అయితే ఈ పాతవాసన మాటలు ఎక్కడివి? ఇక్కడ ఐర్లండు రంగంలోకి వస్తుంది. డబ్లిన్ చుట్టూ ఇంగ్లీషు అధికారం నిజంగా చెల్లే ప్రాంతాన్ని 'పేల్' అనేవారు. పన్నెండో శతాబ్దపు దండయాత్రతో వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ తమ ఇంగ్లీషును కాపాడుకున్నాయి. ఫింగల్, వెక్స్‌ఫర్డ్ ప్రాంతాల వాడుకలో చాసర్ నాటి పాత ఇంగ్లీషు అడుగంటి ఉందని స్టానీహర్స్టే 1577లో రాశాడు. దానికొక కథ కూడా చెప్పాడు. వెక్స్‌ఫర్డ్ వచ్చిన ఇంగ్లీషు పెద్దమనిషి ఒకడు జనం మాటలు విని అది ఐరిష్ భాష అనుకున్నాడట. అక్కడక్కడా మాటలు అర్థమవుతుంటే, ఇంకొన్నాళ్ళుంటే ఐరిష్ పూర్తిగా పట్టుబడుతుందని మురిసిపోయాడట. తమ భాషను తమవాళ్ళే గుర్తుపట్టని వలసకుటుంబాల పరిస్థితి ఆ కథలో ఉంది. నాష్‌కు అనాగరికంగా వినబడిన మాటల్లో కొన్నయినా డబ్లిన్ ఇళ్ళలో బతికివున్న మాటలై ఉండవచ్చు.

స్టానీహర్స్ట్‌కు మాత్రం తన ఇంగ్లీషు మీద ఎంత గర్వమో ఐరిష్ మీద అంత అనాదరం. పేల్ ప్రాంతంలోకి ఆ భాష చొరబడనివ్వడం అంటురోగాన్ని ఇంట్లోకి రానిచ్చినట్టని అతడి అభిప్రాయం. పక్కనే, నిజాయితీగా, ఎదుటి పక్షం గర్వాన్ని కూడా నమోదు చేశాడు. ఓనీల్ ప్రభువు ఇంగ్లీషెందుకు మాట్లాడడని అడిగితే, ఆ గడబిడ భాష కోసం నోరు వంకర తిప్పుకోవడం ఓనీల్ పరువుకు తగునా అని అతడి అనుచరుడు ఎదురుప్రశ్న వేశాడట. అతడు గమనించని సంగతి ఒకటుంది. తాను చిన్నచూపు చూసిన ఆ భాషలో ఈనియడ్ అప్పటికి ఎన్నో తరాలుగా ఉంది. 1390 ప్రాంతంలో వ్రాసిన బాలీమోట్ గ్రంథమనే తాళపత్రాలవంటి పెద్ద తోలుప్రతిలో 'ఈనియస్ సంచారాలు' అనే వచనకథ ఉంది. ఐరిష్ కథకులు వర్జిల్ ఛందస్సును తాకలేదు. కథను తమ వీరగాథల వచనంలోకి ఒంపుకుని, ఈనియస్‌కు తమ వీరుల విశేషణాలు తొడిగారు. మార్గఛందస్సును వదిలి దేశిలో నడిచిన పాల్కురికి సోమనాథుడి దారి వంటిది ఆ దారి. పక్క ఊళ్ళో ఆ దారి ఉండగా డబ్లిన్ పండితుడు లైడెన్‌లో కూర్చుని గురులఘువులు లెక్కపెట్టాడు.

తరువాతి జీవితం సంక్షిప్తంగా. ఐర్లండు చరిత్రను లాటిన్‌లో రాసి 1584లో ఆంట్వెర్ప్‌లో అచ్చువేశాడు. స్పెయిన్ వెళ్ళి రెండో ఫిలిప్ రాజు ఆశ్రయంలో, ఎస్కోరియల్ ప్రాసాదపు ప్రయోగశాలలో రసవాదం చేశాడు, మందులు బట్టీపట్టాడు, 1593లో ఆ శాస్త్రం మీద స్పానిష్‌లో ఒక గ్రంథం రాశాడు. రెండో భార్య 1602లో పోయాక మతగురువై బ్రసెల్స్‌లో రాజదంపతుల ప్రార్థనాలయంలో కొలువు చేసి 1618లో కన్నుమూశాడు. ఇద్దరు కొడుకులు జెస్యూట్‌లయ్యారు. అక్క చెల్లెళ్ళ సంతానంలో మేనల్లుడు జేమ్స్ అషర్ మాత్రం ప్రొటెస్టెంట్ ఆర్చిబిషప్ అయి, సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని లెక్కగట్టి ప్రసిద్ధుడయ్యాడు. మేనమామ మేనల్లుడి మీద 1615లో లాటిన్ ఖండనగ్రంథం కూడా వేశాడు. ఐరిష్‌వాళ్ళ తీర్పు ఆ తర్వాత వచ్చింది. 1634 ప్రాంతంలో ఐరిష్‌లో దేశచరిత్ర పూర్తిచేసిన జెఫ్రీ కీటింగ్, ఐరిష్ రాకుండా ఐర్లండు గురించి తీర్పులు చెప్పిన స్టానీహర్స్ట్‌ను, గుడ్డల రంగులు ఎంచబోయే అంధుడితో పోల్చాడు. లండన్ అతడిని మోటు ఐర్లండువాడన్నది, ఐర్లండు అతడిని పరాయివాడన్నది.

హెక్సామీటర్ పోయినా లాటిన్ పురాణకథలు ఐర్లండును వదల్లేదు. స్టానీహర్స్ట్ చదివిన కిల్కెనీ ఊళ్ళోనే మరో వంద సంవత్సరాలకు జోనథన్ స్విఫ్ట్, విలియం కాంగ్రీవ్ బడిపిల్లలు. ఓవిడ్ రచించిన రూపపరివర్తనల కావ్యం పదిహేను సర్గలు, సుమారు 12,000 పాదాలు, మనుషులు చెట్లూ పక్షులూ రాళ్ళూ అయ్యే కథల పెట్టె. అందులో బాసిస్, ఫిలెమన్ అనే పేద ముసలి దంపతులు మారువేషంలో వచ్చిన దేవతలకు అన్నం పెడతారు; వారి గుడిసె గుడి అవుతుంది; ఇద్దరూ ఒక్క క్షణంలో పోవాలని వరం కోరి చెట్లవుతారు. స్విఫ్ట్ 1709లో ఈ కథను ఇంగ్లండులోని కెంట్ పల్లెలో పెట్టాడు. దేవతలు సాధువులయ్యారు, గుడిసె చర్చి అయింది, ముసలాయన పాదిరీ అయ్యాడు. చివరికి చర్చి పెరట్లో రెండు చెట్లుగా నిలిస్తే తర్వాతి పాదిరీ ఒకదాన్ని కొట్టించాడు, రెండోది దిగులుతో ఎండిపోయింది. వరం ఇచ్చిన దేవతలు ఊహించని ముగింపు అది. స్నేహితుడు ఆడిసన్ సలహా మీద ఆ చిన్న కావ్యంలోనే నాలుగిరవైల పాదాలు కొట్టివేసి, నాలుగిరవైలు చేర్చి, నాలుగిరవైలు మార్చానని స్విఫ్ట్ చెప్పుకున్నాడు. పది రోజుల్లో సర్గ ముగించినవాడి ఎదుట ఈ లెక్క పెట్టి చూడవలసినదే.

1717లో శామ్యూల్ గార్త్ ఓవిడ్ కావ్యమంతటినీ పలువురు కవులచేత ఇంగ్లీషు చేయించి ప్రచురించాడు. గార్త్ కూడా వైద్యుడే. పేదలకు ఉచితంగా మందులిచ్చే విషయంలో వైద్యులకూ మందుల వర్తకులకూ జరిగిన కలహాన్ని వెక్కిరిస్తూ 1699లో కావ్యం రాసిన మనిషి. అతడి కూర్పులో ఆర్ఫియస్ కథ కాంగ్రీవ్ చేతికి వచ్చింది. చనిపోయిన భార్యను పాటతో యమలోకం నుంచి వెనక్కి తెచ్చుకుంటూ, వెనుదిరిగి చూసి మళ్ళీ పోగొట్టుకున్నవాడి కథ. వీళ్ళందరిదీ ఈరెండేసి పాదాలకు అంత్యప్రాస కుదిరిన నునుపైన ఛందస్సు. స్టానీహర్స్ట్ బండరాళ్ళ దారి తర్వాత అది పాలరాతి నేల, నడిచేవాడికి కాలు జారడం తప్ప ఇబ్బంది లేదు.

అదే శతాబ్దంలో ఐర్లండులో క్యాథలిక్కుల చదువు మీద నిషేధాలు ఉండేవి. పల్లెల్లో కంచెల చాటున, పశువుల కొట్టాల్లో నడిచిన వీధిబడుల్లో ఐరిష్ మాట్లాడే పిల్లలు లాటిన్ నేర్చుకున్నారు, ఇంగ్లీషుతో నిమిత్తం లేకుండా. బ్రయన్ ఫ్రీల్ రాసిన 'అనువాదాలు' నాటకం 1980లో డెరీ నగరంలో మొదట ఆడారు. 1833 నాటి అలాంటి బడి అందులో రంగస్థలం. ఇంగ్లీషు సైనికులు ఊళ్ళ పేర్లన్నిటినీ ఇంగ్లీషు చేసిపోతుండగా ముసలి ఉపాధ్యాయుడు ఈనియడ్ ఆరంభంలో కార్తేజ్ నగరం పతనం గురించిన పాదాలు గుర్తు తెచ్చుకోబోయి మధ్యలో తడబడతాడు. స్టానీహర్స్ట్‌కు వర్జిల్ రోమ్ పక్షం కవి; ఆ ఉపాధ్యాయుడికి ఓడిన నగరం పక్షం కవి. పుస్తకం ఒక్కటే.

ఇరవయ్యో శతాబ్దంలో ఐర్లండులో పుట్టి పసితనంలోనే ఇంగ్లండు చేరిన సెసిల్ డే లూయిస్ ఈనియడ్ పన్నెండు సర్గలనూ 1952లో ఇంగ్లీషు చేశాడు. బీబీసీ రేడియోలో చదవడం కోసం చేపట్టిన పని అది. పాదానికి ఆరు ఊనికలు పెట్టి, మధ్య అక్షరాలను వాటి మానాన వదిలేశాడు. గణాల సంఖ్య నిలిచింది, గురులఘువుల లెక్క పోయింది. రేడియో కోసం రాసినవాడికి కంటితో పని లేదు. చెవే తేల్చాలన్న స్టానీహర్స్ట్ సూత్రానికి 370 ఏళ్ళ తర్వాత దొరికిన సరైన ఆచరణ అదే అనిపిస్తుంది.

షేమస్ హీనీ దారి వేరు. ఉత్తర ఐర్లండులో పశువుల బేరగాడి కొడుకుగా పుట్టిన ఆయన 1950లలో డెరీలోని సెయింట్ కొలమ్స్ కళాశాలలో లాటిన్ చదివారు. పరీక్షకు పెట్టింది ఈనియడ్ తొమ్మిదో సర్గ. ఆరో సర్గ అయివుంటే ఎంత బాగుండేదని మైకల్ మెక్‌గ్లించీ అనే ఉపాధ్యాయుడు పాఠం మధ్యలో పదేపదే నిట్టూర్చేవారట. ఆరో సర్గలో ఈనియస్ స్వర్ణశాఖ పట్టుకుని పాతాళానికి దిగి, చనిపోయిన తండ్రి ఆంకైసీస్‌ను కలుసుకుంటాడు. రెండో సర్గలో భార్య నీడతో జరిగినట్టే, మూడుసార్లు కౌగిలి, మూడుసార్లూ శూన్యం. హీనీ తండ్రి 1986లో మరణించారు. 1991లో వచ్చిన కవితాసంపుటి ఆ సర్గలోని స్వర్ణశాఖ ఘట్టం అనువాదంతోనే మొదలవుతుంది. 1993లో ఓవిడ్ నుంచి ఆర్ఫియస్ కథను, కాంగ్రీవ్ చేసిన కథనే, తెనిగించినంత స్వేచ్ఛగా చేసి, దాన్ని బ్రయన్ మెరిమన్ అనే పద్దెనిమిదో శతాబ్దపు ఐరిష్ కవి హాస్యకావ్యంలోని భాగాలతో ఒకే పుస్తకంలో కలిపి కుట్టారు. లాటిన్, ఐరిష్, ఇంగ్లీషు ఒకే అట్టల మధ్య కూర్చున్నాయి. స్టానీహర్స్ట్‌కు ఇది నచ్చివుండదు, కీటింగ్‌కు నచ్చివుండేది.

2010 సంపుటిలో హీనీ పన్నెండు భాగాల కవిత ఒకటి ఉంది. బెల్‌ఫాస్ట్‌లో ఆరో సర్గ పాతపుస్తకం కొనుక్కుని, 110వ నంబరు బస్సెక్కి ఇంటికి వెళ్ళే కుర్రవాడితో అది మొదలై, మనవరాలి పుట్టుకతో ముగుస్తుంది. బస్టాండులో జనం వైతరణి ఒడ్డున పడవ కోసం ఎగబడే ప్రేతాల్లా కనిపిస్తారు. ఆ కవిత తర్వాత మొత్తం ఆరో సర్గ అనువాదం పూర్తిచేయకుండా వదలబుద్ధి కాలేదు. పద్యం నడక ఇంగ్లీషు మాటతీరుకు దగ్గరగా, అయిదు ఊనికల చుట్టూ సడలి బిగిసే నడక. తండ్రి నీడ కనబడే దాకా అది సెలయేరులా సాగుతుంది. సర్గ చివర ఆంకైసీస్ పుట్టబోయే రోమన్ సేనానుల జాబితా చదివే భాగం మాత్రం పాఠకుడికీ అనువాదకుడికీ పరీక్షేనని, అక్కడికి వచ్చేసరికి ఉత్సాహం పోయి పట్టుదల ఒక్కటే మిగులుతుందని హీనీ స్వయంగా ఒప్పుకున్నారు. చదివితే నిజమేనని తెలుస్తుంది. సామ్రాజ్యస్తుతి ఆ గొంతుకు అతకలేదు, అతికించాలని ఆయన పెద్దగా తంటాలు పడనూ లేదు.

2013 జులైలో హీనీ ఆ రాతప్రతి మీద 'తుది ప్రతి' అని రాసిపెట్టారు. ఆగస్టు 30న డబ్లిన్ ఆసుపత్రిలో మరణించారు. అంతకు కొద్ది నిమిషాల ముందు భార్యకు ఫోనులో పంపిన చివరి సందేశం రెండు లాటిన్ మాటలు. భయపడవద్దని వాటి అర్థం. అనువాదాన్ని 2016లో ఫేబర్ సంస్థ ప్రచురించింది. ముందుమాటలో హీనీ దాన్ని మక్కికిమక్కీ అనువాదమనీ తన సొంత రూపాంతరమనీ పిలవడానికి ఇష్టపడలేదు. మెక్‌గ్లించీ గారిని తలుచుకుని, తరగతిలో అప్పగించిన ఇంటిపాఠమన్నారు.